రక్తములో చక్కెర: పరీక్షాపత్రమును చదువుట ఎట్లు?

విజయవాడ సూర్యారావుపేటలో తెల్లవారి ఏడు గంటలకే రక్తపరీక్షశాలల ముందు జనము కూడియుందురు. గుడివాడ, నూజివీడు, బందరు, తెనాలి, అవనిగడ్డ మొదలగు ఊళ్ళనుండి మొదటి బస్సుకో, మొదటి రైలుకో వచ్చినవారు వీరిలో పెక్కురు. పరగడుపున ఒకసారి, ఫలహారము చేసిన రెండు గంటలకు మరియొకసారి రక్తమిచ్చి, ఒక కాగితమును చేతబట్టుకొని వారు ఇండ్లకు పోవుదురు. ఆ కాగితముపై మూడు నాలుగు అంకెలుండును. అది ఇంగ్లీషులో నుండును గనుక అనేక గృహములలో దానిని మొదట చదువునది హైస్కూలు విద్యార్థియే. అంకె ప్రక్కన లావు అక్షరము కనబడగానే ఇంటిల్లిపాదికి గుండె జారును. లేదా, "ఇది సరిహద్దులోనే యున్నదిలే" అని కాగితమును బీరువాలో పడవేయుదురు. ఈ రెండును తప్పే. ఆ అంకెలు ఎట్లు పుట్టినవో, వేనిని ఎంతవరకు నమ్మవలెనో తెలిసినచో భయమును, అలక్ష్యమును రెండును తగ్గును.

భారత వైద్య పరిశోధన మండలి వారి సహాయముతో దేశమంతట జరిగిన పరిశీలన యొకటి 2023లో ప్రకటింపబడినది. దాని ప్రకారము మన దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. మధుమేహమునకు ముందు దశలోనున్నవారు 13 కోట్ల 60 లక్షలు. కావున ఈ కాగితము నేడో రేపో ప్రతి ఇంటికిని వచ్చునదే.

ఒక చెంచా చక్కెర

ఆరోగ్యవంతుని రక్తములో చక్కెర ఎంత యుండును? ఇచ్చట చక్కెర యనగా మనము కాఫీలో వేసికొను చక్కెర కాదు, గ్లూకోజు. పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో 70 మొదలు 100 మిల్లీగ్రాముల వరకు గ్లూకోజు ఉండును. 90 అని తీసికొని లెక్కవేయుదము. పెద్దవానిలో రక్తము సుమారు 5 లీటర్లు, అనగా 100 మిల్లీలీటర్లు చొప్పున 50 భాగములు. 50ని 90చే గుణించిన 4,500 మిల్లీగ్రాములు, అనగా నాలుగున్నర గ్రాములు వచ్చును. శరీరమందలి రక్తమంతటిలోను తిరుగుచున్న గ్లూకోజు ఒక చిన్న చెంచాడు మాత్రమే!

మన డెల్టాలో భోజనమనిన అన్నమే. 100 గ్రాముల బియ్యములో పిండిపదార్థము ఇంచుమించు 78 గ్రాములు. అది జీర్ణమై దాదాపు అంతయు గ్లూకోజుగా మారి రక్తములో ప్రవేశించును. నాలుగున్నర గ్రాములున్న చోటికి ఒక్క పూట భోజనముతో డెబ్బదికి పైగా గ్రాములు వచ్చి పడుచున్నవి. అయినను ఆరోగ్యవంతునిలో రెండు గంటలు గడచునప్పటికి అంకె 140కి లోపలనే యుండును. ఆ పొంగును అణచునది క్లోమగ్రంథి స్రవించు ఇన్సులిను.

కాలువ, తూము, లస్కరు

దీనిని మన కాలువలతో పోల్చి చూడవచ్చును. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ విజయవాడయొద్ద కృష్ణనుండి నీరు తీసికొని బయలుదేరును. కాలువ నిండుగా ప్రవహించినంత మాత్రమున చేను తడవదు, తూము తెరువవలెను. తూములను తెరచుటకు, మూయుటకు కాలువ గట్టుపై లస్కరు ఉండును.

రక్తనాళములు కాలువలు, కండరములు మొదలగువాని కణములు పొలములు, ఇన్సులిను లస్కరు. భోజనమైన పిమ్మట ఇన్సులిను వెలువడి కండరములలోను, కొవ్వులోను తూములు తెరచును. గ్లూకోజు లోపలికి పోవును. మిగిలినదానిలో కొంత కాలేయము గ్రహించి గ్లైకోజెను రూపమున దాచును. కాలేయము ఊరి చెరువు వంటిది. రాత్రి మనము నిద్రించునప్పుడు, ఆహారమేమియు లేనప్పుడు, ఆ చెరువు కొంచెము కొంచెముగా గ్లూకోజును కాలువలోనికి వదలును. అందుచేతనే పరగడుపు రక్తములోను చక్కెర ఉండును. ఎంత వదలవలెనో అదుపు చేయునదియు ఇన్సులినే.

మధుమేహములో రెండు ముఖ్యమైన రకములు గలవు. మొదటి రకములో క్లోమమునందు ఇన్సులినును తయారుచేయు కణములే నశించును. అనగా లస్కరులే లేరు. ఇది ఎక్కువగా పిల్లలలోను, యువకులలోను కానవచ్చును. రెండవ రకములో తూములకు త్రుప్పు పట్టును. లస్కరు ఎంత త్రిప్పినను అవి సరిగా తెరచుకొనవు. కొన్ని సంవత్సరములు లస్కరులు ఇబ్బడిగా పనిచేసి కాలువ మట్టమును నిలుపుదురు. పిదప వారును అలసి తగ్గిపోవుదురు. అప్పుడు మట్టము పెరుగును. మన దేశములో అధిక సంఖ్యాకులది ఈ రెండవ రకమే.

ఈ రెంటిలోను ఫలితమొకటే: కాలువ పొంగుచున్నది, చేను ఎండుచున్నది. రక్తములో చక్కెర మెండుగా నున్నను కండరములకు అందదు. అందుచేతనే రోగికి నీరసము, బరువు తగ్గుట, ఎంత తిన్నను ఆకలి.

మూత్రములో చక్కెర: ఆనకట్ట పాఠము

తేనెవలె తియ్యనైన మూత్రము గల రోగమును మన ప్రాచీన వైద్యులు మధుమేహమనిరి. ఇంగ్లండులో మాథ్యూ డాబ్సను 1776లో అట్టి మూత్రమును ఇగురబెట్టి, అడుగున మిగిలినది చక్కెరయే యని చూపెను. తరువాత బెనెడిక్టు ద్రావకము వచ్చినది. రాగి లవణము గల ఆ నీలి ద్రావకములో ఎనిమిది చుక్కల మూత్రము వేసి కాచినచో, చక్కెర లేనిది నీలముగానే యుండును. చక్కెర హెచ్చినకొలది ఆకుపచ్చ, పసుపు, నారింజ, తుదకు ఇటుక ఎరుపు రంగు వచ్చును. మన పాఠశాలల ప్రయోగశాలలో గ్లూకోజు ద్రావణముతో దీనిని నేటికిని చేసి చూపవచ్చును. చాలకాలము మధుమేహమును కనిపెట్టుటకు ఇదియే సాధనముగా నుండెను.

కాని దీనిలో నొక పెద్ద లోపమున్నది. విజయవాడలో 1855లో పూర్తియైన పాత ఆనకట్టను గురించి పెద్దలు చెప్పగా వినియుందురు. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చువరకు డెల్టాకు అదియే ఆధారము. నది నీరు ఆనకట్ట శిఖరమునకు లోపల నున్నంతవరకు దాని మీదుగా క్రిందికి దిగదు. శిఖరమును దాటినప్పుడే పొంగి పొరలి సముద్రమునకు పోవును. మన మూత్రపిండములును అట్టి ఆనకట్టలే. అవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందులో 160 గ్రాములకు మించి గ్లూకోజు ఉండును. ఆరోగ్యవంతునిలో దానినంతయు మూత్రపిండములు తిరిగి పీల్చి రక్తమునకే చేర్చును. రక్తములో గ్లూకోజు ఇంచుమించు 180 దాటినప్పుడు మాత్రము పీల్చుకొను శక్తి చాలక మిగిలినది మూత్రములో పడును. చక్కెర తనతో నీటినికూడ లాగుకొనిపోవును. అందుచేత అతిమూత్రము, దానివలన దాహము.

దీనినిబట్టి తేలునదేమి? పరగడుపున 150 ఉన్నవానికి మధుమేహము ఉన్నట్లే, కాని వాని మూత్రములో చక్కెర కనబడకపోవచ్చును. "మూత్రములో లేదు, కనుక రోగము లేదు" అనుట చెల్లదు. ఇంకొక సంగతి. గ్లిఫ్లోజిను జాతి మందులు కొన్ని ఇటీవల వాడుకలోనికి వచ్చినవి. అవి ఆనకట్ట శిఖరమునే తగ్గించి చక్కెరను బుద్ధిపూర్వకముగా మూత్రములోనికి పంపును. వానిని పుచ్చుకొనువాని మూత్రములో, రక్తపు అంకె మంచిదైనను, చక్కెర కనబడును.

రక్తమును కొలుచుట

కావున రక్తమునే కొలువవలసి వచ్చినది. అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన శాఖలో ఆటో ఫోలిను, చైనా దేశీయుడు శియెన్ వూ కలిసి 1919, 1920 ప్రాంతములలో కొద్ది రక్తముతో చక్కెరను కొలుచు విధానమును ప్రకటించిరి. గ్లూకోజు రాగి లవణమును క్షయకరించును. ఆ రాగి మాలిబ్డినము సమ్మేళనముతో కలిసి నీలిరంగు నిచ్చును. రంగు గాఢతను వర్ణమాపకముతో చూచి చక్కెరను లెక్కింతురు. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా పోయి, పిదప ఆ శాఖలోనే పనిచేసిరి. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ పద్ధతికూడ మాలిబ్డినపు నీలిరంగుపై నాధారపడినదే. గ్లూకోజు దహనము చెందినప్పుడు పుట్టు శక్తిని కణములు ఏ పదార్థమునందు దాచుకొనునో, ఆ ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసినట్లు 1929లో వారిద్దరు ప్రకటించిరి. జర్మనీలో లోమాను అదే సంవత్సరమున వేరుగా దానిని కనుగొనెను.

రాగి పద్ధతిలో గ్లూకోజు కాని ఇతర పదార్థములు కొన్ని కూడ లెక్కకు వచ్చి అంకె పెరుగుచుండెను. నేటి ప్రయోగశాలలలో గ్లూకోజును మాత్రమే గుర్తించు ఎంజైములను వాడుదురు. అందుచేత నేటి అంకె మునుపటికంటె నమ్మదగినది.

కాగితముపై నుండు నాలుగు అంకెలు

ఈ క్రింది హద్దులు గర్భవతులు కాని పెద్దలకు వర్తించును. గ్లూకోజు అంకెలు సిరనుండి తీసిన రక్తపు ప్లాస్మాలో 100 మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుపును.

1. పరగడుపు పరీక్ష: కనీసము 8 గంటలు మంచినీరు తప్ప ఏమియు పుచ్చుకొనరాదు. కాఫీ కూడ పనికిరాదు. 100కు లోపల సహజము. 126, అంతకు మించిన మధుమేహము. నడుమ నున్నది ముందు దశ. ఈ దశ 100నుండి యని అమెరికా మధుమేహ సంఘమువారును, 110నుండి యని ప్రపంచ ఆరోగ్య సంస్థవారును చెప్పుదురు. రెండు ప్రయోగశాలల కాగితములపై హద్దులు వేరుగా కనబడుటకు ఇది యొక కారణము.

2. గ్లూకోజు త్రాగిన రెండు గంటల పరీక్ష: 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి ఐదు నిమిషములలో త్రాగించి, రెండు గంటలకు రక్తము తీయుదురు. 140కి లోపల సహజము, 140 మొదలు 199 వరకు ముందు దశ, 200 మొదలు మధుమేహము.

3. ఏ వేళనైనను తీసిన రక్తము: 200 లేక అంతకు మించి యుండి, దానితోపాటు అతిదాహము, అతిమూత్రము, బరువు తగ్గుట వంటి లక్షణములుండిన మధుమేహమే.

4. హెచ్.బి.ఏ.1సి: ఇది శాతములో నుండును. 5.7కు లోపల సహజము, 5.7 మొదలు 6.4 వరకు ముందు దశ, 6.5 మొదలు మధుమేహము.

ఇడ్లీయో, భోజనమో చేసిన రెండు గంటలకు తీసిన రక్తపు అంకెను రెండవ పరీక్షతో సమానముగా తలచుట మన ప్రాంతములో పరిపాటి. రెండును ఒకటి కావు. ఒకడు రెండు ఇడ్లీలు తినును, వేరొకడు నాలుగు పూరీలు తినును. తిన్నది కొలతకు రాదు. మందు పుచ్చుకొనువానికి చికిత్స ఎట్లున్నదో చూచుకొనుటకు భోజనానంతర పరీక్ష మంచిదే, కాని రోగనిర్ణయమునకు గ్లూకోజు త్రాగించియే చూడవలెను.

ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో నున్న మనవారు పంపు కాగితములలో 7.0 వంటి చిన్న అంకెలుండును. అచ్చట లీటరునకు ఎన్ని మిల్లీమోలులో చెప్పుదురు. గ్లూకోజు అణుభారము 180 గనుక ఆ అంకెను 18చే గుణించిన మన అంకె వచ్చును: 7.0 అనగా 126. రసాయనశాస్త్రపు తరగతిలో ఇది మంచి అభ్యాసము.

126 అను అంకె ఎక్కడిది?

125 ఉన్నవాడు ఆరోగ్యవంతుడు, 126 ఉన్నవాడు రోగి యనుట వింతగా తోచవచ్చును. ప్రకృతిలో అట్టి గోడ ఏదియు లేదు. అయినను ఈ అంకె ఊరక పెట్టినది కాదు. అధిక చక్కెరవలన కంటి రెటీనాలోని సన్నని రక్తనాళములు చెడును. అమెరికాలోని పీమా జాతివారిలోను, ఈజిప్టువారిలోను, అమెరికా సామాన్య ప్రజలలోను చక్కెర అంకెలను, కంటి పరీక్షలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిరి. కొంత మట్టము వరకు కంటి జబ్బు స్వల్పము. ఆ మట్టము దాటగానే త్వరగా పెరుగజొచ్చెను. దీనినిబట్టి 1997లో, అంతకు పూర్వము 140గా నున్న పరగడుపు హద్దును 126కు దించిరి. కావున 126 అనునది వరద ప్రమాద సూచికవంటిది. ఆ గీతకు అంగుళము క్రింద నీరున్నదని గట్టు మీద నిద్రపోవువాడు ఉండడు గదా!

రెండవసారి చూచుట ఎందుకు?

లక్షణములేవియు లేనివానికి ఒక్క పరీక్షతో రోగమున్నదని నిర్ణయింపరాదు. రెండు పరీక్షలు హద్దు దాటవలెను. అవి ఒకే దినమున తీసిన పరగడుపు, ఏ.1సి అంకెలైనను కావచ్చును. లేక వేరొక దినమున మరల తీసినదైనను కావచ్చును. ఒకే మనిషిలో పరగడుపు అంకె దినదినమునకు కొంత మారుట సహజము. సోమవారము 124, గురువారము 129 వచ్చినచో రోగము పెరిగినదని కాదు.

నమూనాను భద్రపరచుటలోను చిక్కున్నది. సీసాలోని రక్తకణములు బ్రతికియుండి గ్లూకోజును తినుచునే యుండును. ఏ కట్టుదిట్టము లేనిచో గంటకు నూటికి 5 మొదలు 7 వంతుల వరకు గ్లూకోజు తగ్గిపోవును. గంటకు 6 వంతుల చొప్పున చూచిన, 130 ఉన్న రక్తము మూడు గంటలలో 108కి దిగును. మధుమేహము గలవాడు ముందు దశవాడుగా కనబడును! వేసవిలో పల్లెలో తీసిన రక్తము పట్టణమునకు చేరులోపల ఎంత నష్టము జరుగునో ఊహింపవచ్చును. అందుచేత గ్లూకోజుకు రక్తమును ఫ్లోరైడు గల బూడిదరంగు మూత గొట్టములో తీయుదురు. ఫ్లోరైడు పూర్తిగా పనిచేయుటకు గంటకు పైగా పట్టును గనుక నమూనాను మంచులో నుంచుటయో, వెంటనే కణములను వేరుచేయుటయో మేలు.

ఇంటిలో వేలిని గుచ్చి చూచుకొను మీటరు చికిత్సలో నున్నవారికి గొప్ప సహాయము. కాని 2013నాటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, అంకె 100 దాటినప్పుడు అది నిజమునకు నూటికి 15 వంతులు అటు ఇటు ఉండుట సమ్మతమే. అనగా అసలు 130 ఉన్నచోట మీటరు 111నుండి 149 వరకు ఏది చూపినను తప్పనరాదు. కావున రోగనిర్ణయమునకు అది చాలదు. గుచ్చుటకు ముందు చేయి కడుగుట మరువరాదు. నూజివీడు మామిడిపండు తిన్న వేలిమీది రసము ఒక్క చుక్క చాలును, అంకె ఆకాశమునంటుటకు.

మూడు నెలల జమాఖర్చు

పరీక్ష ఉన్నదనగానే రెండు దినములు అన్నము మాని పుల్కాలు తిని, పరగడుపు అంకెను దించుకొనువారు గలరు. వైద్యుని మోసగించితిమని తలంతురు. ఏ.1సి పరీక్ష వద్ద ఈ యుక్తి సాగదు.

ఎర్ర రక్తకణము ఇంచుమించు 120 దినములు జీవించును. అన్ని దినములును అది చక్కెర నీటిలోనే మునిగి తిరుగును. అందలి హీమోగ్లోబినుకు గ్లూకోజు తనంతట తానే, ఎంజైము సహాయము లేకయే, అతుకుకొనును. రక్తములో చక్కెర హెచ్చినకొలది అతుకు హెచ్చును. మధుమేహుల రక్తములో ఈ హీమోగ్లోబిను విశేషముగా నుండుటను టెహరానులో శామ్యూల్ రహ్బరు 1968లో ప్రకటించెను. రోగనిర్ణయమునకు దీనిని ఉపయోగింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో అంగీకరించినది. గడచిన రెండు మూడు నెలల సగటును ఇది చెప్పును. కడపటి నెల భారము అందులో ఎక్కువ.

ఏ.1సి నుండి సగటు గ్లూకోజును కనుగొనుటకు ఒక సూత్రము కలదు: ఏ.1సిని 28.7చే గుణించి 46.7 తీసివేయవలెను. 6.5కు సుమారు 140, 7కు 154, 8కి 183, 10కి 240 వచ్చును.

అయితే ఈ సాక్షియు ఒక్కొక్కప్పుడు పొరబడును. ఇనుము లోపమువలన రక్తహీనత యున్నవారిలో అంకె నిజముకంటె హెచ్చుగా రావచ్చును. ఎర్రకణములు త్వరగా నశించు జబ్బులలోను, ఇటీవల రక్తము పోయినప్పుడు, లేక ఎక్కించినప్పుడును తక్కువగా వచ్చును. మన స్త్రీలలో రక్తహీనత విశేషము గనుక, ఏ.1సి చూచునప్పుడు హీమోగ్లోబిను పరిమాణముకూడ చూచుట మంచిది. గర్భవతుల సంగతి వేరు. వారికి మన ప్రభుత్వ సూచనల ప్రకారము 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి రెండు గంటలకు చూతురు. 140 మొదలే జాగ్రత్త అవసరము.

మూడు కల్పిత ఉదాహరణములు

నలుబది యేండ్ల ఉపాధ్యాయునకు బాధలేవియు లేవు. పరగడుపున 132, ఏ.1సి 7.4 వచ్చిన వనుకొందము. రెండును హద్దు దాటినవి, మధుమేహము స్థిరపడినది. అతని సగటు గ్లూకోజు సుమారు 166.

ముప్పదియైదేండ్ల గృహిణికి పరగడుపున 104, ఏ.1సి 6.6, హీమోగ్లోబిను 8 గ్రాములు. రెండు సాక్ష్యములు కలియుట లేదు. రక్తహీనత కారణముగా ఏ.1సి పెరిగియుండవచ్చును. వెంటనే "షుగరు వ్యాధి" యని ముద్ర వేయక, గ్లూకోజు త్రాగించు పరీక్ష చేయించి, రక్తహీనతకు చికిత్స జరిపింపవలెను.

తీవ్రమైన జ్వరముతో ఆసుపత్రిలో చేరిన యొకనికి 190 వచ్చినది. జ్వరము, శస్త్రచికిత్స, స్టెరాయిడు మందులు తాత్కాలికముగా చక్కెరను పెంచును. అట్లని "జ్వరమువలన వచ్చినది" అని మరచిపోరాదు. అప్పుడే ఏ.1సి చూచిన, జ్వరమునకు ముందునుండియే చక్కెర యున్నదో లేదో కొంత తెలియును. కోలుకొనిన కొన్ని వారములకు మరల పరీక్ష తప్పదు.

కాగితము తరువాత

నిర్ణయము రూఢియైన పిమ్మట కండ్లు, మూత్రములో ఆల్బుమిను, క్రియాటినిను, రక్తపుపోటు, కొలెస్టరాలు, పాదముల స్పర్శ చూపించుకొనవలెను. రెండవ రకపు వ్యాధి బయటపడుటకు ఏండ్ల ముందే మొదలైయుండుటచేత ఈ పరీక్షలు తొలిదినములలోనే జరుగవలెను. చికిత్సలో పెద్దలు పెక్కుమందికి పరగడుపున 80 మొదలు 130, భోజనానంతరము 180కి లోపల, ఏ.1సి 7కు లోపల అను గమ్యములు చెప్పుదురు. వయస్సును, ఇతర జబ్బులనుబట్టి వైద్యుడు వీనిని మార్చును. అంకెను 70కి దిగువకు పోనీయరాదు. చెమట, వణకు, తికమక కలిగినచో వెంటనే 15 గ్రాముల గ్లూకోజో, చక్కెరయో ఇవ్వవలెను.

ఒక్క శాతము తగ్గినంత మాత్రమున ఏమి లాభమని యడుగవచ్చును. ఇంగ్లండులో అనేక సంవత్సరములు జరిగిన గొప్ప పరిశీలన 1998లో ఫలితములను ప్రకటించినది. సగటున పదేండ్లపాటు ఒక వర్గమువారి ఏ.1సి 7.0, రెండవ వర్గమువారిది 7.9. కండ్లు, మూత్రపిండములు మొదలగువాని సూక్ష్మనాళముల ఉపద్రవములు మొదటి వర్గములో నూటికి 25 వంతులు తక్కువ. ఒక శాతమునకు లోపు భేదమే చూపును కాపాడినది.

ముందు దశలో నున్నవారికి శుభవార్త ఇంకను గొప్పది. చెన్నైలో జరిగి 2006లో ప్రకటింపబడిన పరిశీలనలో, రెండు గంటల అంకె 140, 199ల నడుమ నున్నవారిని మూడేండ్లు కనిపెట్టి చూచిరి. ఊరకున్నవారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. నడక, ఆహారనియమము పాటించినవారిలో 39 మందికి మాత్రమే వచ్చినది. ఆ పదునారుగురు కాలువ గట్టున నడిచియే తప్పించుకొనిరన్నమాట.

అన్నము పూర్తిగా మానవలెనా యని డెల్టావాసి మొదట అడుగు ప్రశ్న. మానుట కంటె కొలిచి తినుట ముఖ్యము. కంచములో అన్నము తగ్గించి, కూర, పప్పు హెచ్చించిన గ్లూకోజు పొంగు తగ్గును. బియ్యమునందును భేదములున్నవి. బాపట్లలో తయారై 1986లో విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, మన ఇండ్లలో ప్రియమైన సన్నబియ్యము. దానికి ఎండాకు తెగులును తట్టుకొను శక్తినిచ్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు 2008లో విడుదలచేసిన మెరుగైన సాంబ మసూరికి గ్లైసీమికు సూచిక సుమారు 51 అని తేలినది. 55, అంతకు లోపలనున్నవానిని తక్కువ సూచిక గల ఆహారములందురు. అయినను అది బియ్యమే. రెండింతలు తిన్నచో సూచిక రక్షింపదు.

పిల్లల విషయమున ఉపాధ్యాయులు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. తరగతిలో మాటిమాటికి నీరు త్రాగుచు, మూత్రమునకు వెళ్ళుచు, కొద్ది వారములలో చిక్కిపోయిన విద్యార్థి కనబడినచో, ఆ దినముననే రక్తపరీక్ష చేయింపవలెను. అది మొదటి రకము కావచ్చును. వాంతులు, కడుపునొప్పి, రొప్పుచు శ్వాస తీయుట కూడ ఉన్నచో గంటలు లెక్కింపవలసినదే. నేరుగా ఆసుపత్రికి పంపవలెను. ఆ బిడ్డకు ఇన్సులినే ప్రాణము. 1922 జనవరిలో కెనడాలోని టొరాంటోలో లియొనార్డ్ తాంసన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదట ఇన్సులిను ఇచ్చువరకు ఇట్టి పిల్లలు బ్రతుకుట అరుదు. ఇన్సులిను మాన్పించి నాటుమందులు పోయుట ఆ వెనుకటి కాలమునకు పోవుటయే.

ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఈ పరీక్ష చేయు ఏర్పాటున్నది. విద్యార్థులారా! మీ ఇంటికి వచ్చు కాగితమును చేతికి తీసికొనినప్పుడు ఐదు ప్రశ్నలు వేయుడు: ఏ పరీక్ష? ఎన్ని గంటల ఉపవాసముపై? సిర రక్తమా, వేలి రక్తమా? అప్పుడు జ్వరముగాని, రక్తహీనతగాని ఉండెనా? ఇది మొదటిసారియా, రెండవసారియా? ఈ ఐదింటికి సమాధానములు వ్రాసి, కాగితముతోపాటు వైద్యునికి అందింపుడు. వైద్యుని పని సగము తేలికయగును. మీ పెద్దలకు సకాలమున సరియైన చికిత్స లభించును.